లక్ష్మణ్‌ది ఏ జట్టు? ఒక ఫ్లెక్సీ గొడవ వెనక కథ

కోనసీమలో అంబాజీపేట పక్క ఊళ్లో సంక్రాంతి క్రికెట్ టోర్నమెంట్ ఫ్లెక్సీ గొడవ ఈ ఏడాది కూడా తెగలేదు. పోయిన సంక్రాంతికే మొదలైంది గానీ, అప్పటికి టాస్ వేసేశారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఈసారి వాట్సాప్ గ్రూపులోకి ఎక్కింది. అక్కణ్ణుంచి పక్క ఊళ్ల గ్రూపుల్లోకి పాకి, నిన్న సాయంత్రానికి మా ఎడిటర్ గారి ఫోన్‌లోకి వచ్చింది. "అసలు లక్ష్మణ్‌కీ హైదరాబాద్ టీమ్‌కీ ఏంటండీ సంగతి? పొద్దుటికల్లా రాసివ్వండి" అన్నారాయన.

విషయం చిన్నదే. కమిటీ పెద్దలకి ఫ్లెక్సీ మీద ఇండియాకి ఆడిన హైదరాబాద్ బ్యాటర్ వీవీఎస్ లక్ష్మణ్ బొమ్మ ఉండాలి. కుర్రాళ్లు సరేనన్నారు. కాకపోతే ఐపీఎల్‌లో ఇప్పటి హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్ నారింజ టీషర్టులో, డగౌట్‌లో (ఆటగాళ్లు కూర్చునే చోట) నిలబడ్డ ఫొటో పెడదామన్నారు. కమిటీలో ఒక బాబాయ్ ఉన్నారు, వరసకి నాకూ బాబాయే. ఆయన అడ్డం తిరిగారు. "ఆ జెర్సీలో లక్ష్మణ్ ఒక్క బంతైనా ఆడాడట్రా? ఆడింది పాత హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్‌కి. పెడితే అది పెట్టండి." అమలాపురంలో ఫ్లెక్సీ డిజైన్ చేసే అబ్బాయి పాపం ఆ పాత లోగో ఎక్కడో వెతికి పట్టుకున్నాడు. దూకుతున్న ఎద్దు బొమ్మ. అది చూసి పదిహేడేళ్ల ఓపెనర్ ఒకడు, "ఇది భీమవరం బుల్స్ కదండీ?" అన్నాడు, ఆంధ్ర ప్రీమియర్ లీగ్ జట్టనుకుని. ఇంక చూసుకోండి.

ఈ రెండు వర్గాలు చాలవన్నట్టు మూడోది కూడా తేలింది. రాష్ట్రం విడిపోయి ఇన్నేళ్లయ్యాక హైదరాబాద్ ఆటగాడు మనకెందుకు, మన అమలాపురం సాత్విక్‌సాయిరాజ్ బొమ్మ పెట్టండి అన్నారు వాళ్లు. క్రికెట్ టోర్నమెంట్‌కి షటిల్ ఆటగాడి బొమ్మేంటని వాళ్ల నోరు మూయించారు. కానీ వాళ్లడిగిన మాట తీసిపారేసేది కాదు.

ఈడెన్‌లో 281, ఆస్ట్రేలియా మీద ఆడిన ఆటలు, ఆ మణికట్టు, ఇవన్నీ నేనిక్కడ చెప్పబోవడం లేదు. అవి తెలియనివాళ్లు ఇంతదాకా చదివి ఉండరు. నా లెక్కలో ఈ తగువంతా ఒక్క చోట పుట్టింది. 2008 ఫిబ్రవరి 20న ఐపీఎల్ మొదటి వేలం జరిగింది. దానికి ముందే లక్ష్మణ్ ఒక మాట అన్నారు, నాకు ఐకాన్ హోదా వద్దు అని.

ఆ హోదా అంటే ఏంటో ఇప్పటి కుర్రాళ్లకి తెలియదు, ఎందుకంటే ఇప్పుడది లేదు. మొదటి ఏడాది కొన్ని జట్లకి ఆ ఊరి పెద్ద ఆటగాణ్ణి వేలంలో పెట్టకుండా ఉంచేశారు. ముంబైకి సచిన్, కోల్‌కతాకి గంగూలీ, బెంగళూరుకి ద్రవిడ్, ఢిల్లీకి సెహ్వాగ్, పంజాబ్‌కి యువరాజ్. వేలంలో ఆ జట్టు ఎవరికి ఎక్కువ పెడితే, దానికి 15 శాతం కలిపి ఐకాన్‌కి ఇవ్వాలి. జట్టు ఖర్చుకి పరిమితి 50 లక్షల డాలర్లు. ఐకాన్ జీతం కూడా అందులోదే. అంటే పక్క ఆటగాడికి ఎంత పెడితే ఐకాన్‌కి అంతకన్నా ఎక్కువ పోతుంది, మిగతావాళ్లకి అంత తగ్గుతుంది.

జట్టుకి డబ్బు మిగలనివ్వండి అని లక్ష్మణ్ తప్పుకున్నారు. ఆయనకి ముట్టింది 3.75 లక్షల డాలర్లు. ఆండ్రూ సైమండ్స్‌ని ఛార్జర్స్ 13.5 లక్షలకి కొన్నారు. దానికి 15 శాతం కలిపితే 15.5 లక్షల పైమాటే. తేడా దాదాపు 12 లక్షల డాలర్లు. అప్పటి డాలరు 40 రూపాయలకి అటూఇటూ కాబట్టి, ఐదు కోట్లకి కాస్త తక్కువ. ఐకాన్ ఉంటే సైమండ్స్ కోసం అంత పాడేవారా అని అడగొచ్చు. పాడేవారు కాదనే నేనూ అంటాను, అందుకే కదా ఆయన తప్పుకుంది. టోర్నమెంట్‌కి మొదటి బహుమతి ఇచ్చే కొబ్బరి వ్యాపారికి ఈ లెక్క చెబితే, ఆయన కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడుచుకుని, "సంతకం పెట్టించుకున్నారా, నోటిమాటేనా?" అని అడిగారు.

వ్యాపారి అడగాల్సిన ప్రశ్నే అడిగారు. అదే వేలంలో ఛార్జర్స్ ఆడమ్ గిల్‌క్రిస్ట్‌ని 7 లక్షలకి కొన్నారు. లక్ష్మణ్ మిగిల్చిన తేడాలో గిల్‌క్రిస్ట్ ధర పోగా ఇంకా మిగులుతుంది. లక్ష్మణ్ కెప్టెన్‌గా సీజన్ మొదలైంది, మధ్యలో ఆయన చేతికి గాయమైంది, పగ్గాలు గిల్‌క్రిస్ట్ అందుకున్నారు. జట్టు 14 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది కెప్టెన్సీ పూర్తిగా గిల్‌క్రిస్ట్‌కే ఇచ్చారు. తాను వదులుకున్న డబ్బుతో కొన్న మనిషే తన కుర్చీలో కూర్చున్నాడన్నమాట. దీని మీద లక్ష్మణ్ బజారుకెక్కలేదు.

2009లో ఎన్నికలని ఐపీఎల్‌ని దక్షిణాఫ్రికాకి తరలించారు. మే 24న జోహన్నెస్‌బర్గ్‌లో ఛార్జర్స్ బెంగళూరుని 6 పరుగులతో ఓడించి కప్పు కొట్టింది. ఆ ఫైనల్ పదకొండు మందిలో లక్ష్మణ్ లేరు. మా బాబాయ్ ఆ రాత్రి టీవీ ముందు గెంతులేశారనీ, తెల్లారాక మాత్రం "మనోడు లేడు కదరా" అన్నారనీ పిన్ని చెబుతుంది.

'మనోడు' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, మూడో వర్గం వాళ్ల ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. రాష్ట్రం ఒకటిగా ఉన్నప్పుడు కూడా క్రికెట్‌లో మనం ఒకటి కాదు. దేశంలోని అసోసియేషన్ల జట్లు తలపడే రంజీ ట్రోఫీలో ఆంధ్ర జట్టు వేరు, హైదరాబాద్ జట్టు వేరు. గోదావరి జిల్లాల కుర్రాడు ఎంత బాగా ఆడినా జిల్లా జట్టు, తర్వాత ఆంధ్ర జట్టు, అంతే దారి. 1999-2000 రంజీ సీజన్లో లక్ష్మణ్ 1415 పరుగులు కొట్టింది హైదరాబాద్‌కి. లెక్కప్రకారం ఆయన మనకి ఎదుటి జట్టు మనిషి. టీవీలో ఇండియా ఆడుతున్నప్పుడు మనవాడు, రంజీలో కాదు. రెండిటినీ కలిపింది ఛార్జర్సే. 2009 ఫైనల్లో హైదరాబాద్ సుమన్, విశాఖ వేణుగోపాలరావు ఒకే జెర్సీ వేసుకున్నారు. ఆ జట్టుకి మొదటి కెప్టెన్ లక్ష్మణ్. కోనసీమలో ఆయన బొమ్మ ఎందుకంటే, ఇందుకు.

2011 జనవరి వేలానికి ముందు పాత ఆటగాళ్లని అట్టేపెట్టుకునే వీలు జట్లకి ఉంది. ఛార్జర్స్ ఎవర్నీ ఉంచుకోలేదు. వేలంలో లక్ష్మణ్‌ని 4 లక్షల డాలర్లకి కొచ్చి జట్టు కొనుక్కుంది. చాలామంది కథని ఇక్కణ్ణుంచి మొదలుపెడతారు, హైదరాబాద్ వాళ్లు ఆయన్ని వదిలేశారని. నాకైతే ఇది కొసమెరుపు మాత్రమే. ఐకాన్ హోదా ఉంచుకునుంటే 2008లో ఆయన పేరు జట్టు పేరుతో ముడిపడిపోయేది. బెంగళూరు కూడా 2011లో ద్రవిడ్‌ని వదిలేసింది కదా అంటారా? వదిలేసింది. కానీ ద్రవిడ్ మూడేళ్లు పూర్తి ఐకాన్ డబ్బు తీసుకుని వెళ్లారు.

జట్టు వైపు మాట కూడా చెప్పాలి. టీ20 లక్ష్మణ్ ఆట కాదు, కెప్టెన్ మారాక కప్పు వచ్చింది, వ్యాపారంలో మొహమాటాలు పనికిరావు. మూడూ నిజాలే.

తర్వాత రెండేళ్లలోపే అన్నీ చకచకా ముగిశాయి. కొచ్చి జట్టుని 2011 సెప్టెంబరులో రద్దు చేశారు. 2012 ఆగస్టు 18న, హైదరాబాద్ టెస్టు ఐదు రోజుల్లో ఉందనగా, జట్టులో పేరున్నా సరే లక్ష్మణ్ ఆటకి సెలవు చెప్పారు. నెల తిరక్కుండా ఛార్జర్స్ కూడా రద్దయింది. అక్టోబరులో హైదరాబాద్ ఫ్రాంచైజీని సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున పాడుకుంది. పేరు సన్‌రైజర్స్ అయింది. మాజీ కెప్టెన్ కృష్ణమాచారి శ్రీకాంత్‌తో పాటు లక్ష్మణ్‌ని మెంటర్‌గా, అంటే జట్టుకి దారి చూపే పెద్దగా పిలిచారు.

బాబాయ్ అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. ఆయన ఆడిన జట్టు బతికిలేదు, బతికున్న జట్టుకి ఆయన ఆడలేదు. కుర్రాళ్లన్నది కూడా ఊరికే పోదు. ఛార్జర్స్‌లో ఆయన ఉన్నది మూడు సీజన్లు, అందులోనూ సగం బెంచీ మీద. సన్‌రైజర్స్‌తో 2013 నుంచి 2021 దాకా తొమ్మిది. 2016 మే 29న బెంగళూరుని వాళ్ల సొంత గ్రౌండ్‌లో 8 పరుగులతో ఓడించి కెప్టెన్ డేవిడ్ వార్నర్ కప్పు ఎత్తినప్పుడు లక్ష్మణ్ ఆ డగౌట్‌లోనే ఉన్నారు. ఆడిన ఏడాది కప్పు ఫైనల్లో చోటు లేదు, ఆడని జట్టు కప్పులో భాగం ఉంది.

కుర్రాళ్లలో కాస్త చదువుకున్నవాడు ఇంకో మాటన్నాడు. అది నాకు గుచ్చుకుంది. 2021 ఫిబ్రవరిలో వేలం అయ్యాక, జట్టులో మన పిల్లలెక్కడ అని ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ లేచారు. మార్చకపోతే ఇక్కడ మ్యాచ్‌లు జరగనిచ్చేది లేదన్నారు. "అప్పుడు మెంటర్ ఎవరండీ? లక్ష్మణ్ గారే కదా. ఆడేవాళ్లలో తెలుగువాళ్లు లేని లోటు ఆయన్ని చూపించి కప్పుకున్నారు" అన్నాడు వాడు. వేలం టేబుల్ దగ్గర మెంటర్ మాట ఎంత చెల్లుతుందో మనం చూడలేదు, యజమాని డబ్బు యజమానిది. అయినా వాడి మాట కొట్టెయ్యలేకపోయాను.

ఆ బంధం తెగిందీ మామూలుగా కాదు. 2019 ఏప్రిల్‌లో క్రికెట్ బోర్డు బీసీసీఐ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) సచిన్‌కీ లక్ష్మణ్‌కీ నోటీసులిచ్చారు. బోర్డు సలహా కమిటీలో ఉంటూ ఫ్రాంచైజీ మెంటర్‌గా ఎలా ఉంటారని. ఒక మనిషికి ఒక పదవే అని తేల్చారు. అప్పుడు కమిటీ పోయింది, సన్‌రైజర్స్ మిగిలింది. 2021 డిసెంబరులో తూకం తిరగబడింది. బెంగళూరులో నేషనల్ క్రికెట్ అకాడమీ బాధ్యత తీసుకోవాలంటే జట్టుని వదలాలి. వదిలేశారు. కుర్రాళ్లు దీన్ని 'జాబ్ మారారు' అంటారు. 2008 నాటి మాట గుర్తుంటే అలా అనిపించదు.

హైదరాబాద్‌లోనూ ఈ పేర్ల పంచాయితీ ఉంది, మనదే వింత కాదు. ఉప్పల్ స్టేడియంలో ఉత్తరం వైపు స్టాండుకి అజారుద్దీన్ పేరుంది. హెచ్‌సీఏ (హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్) అధ్యక్షుడిగా ఉన్నప్పుడే తన పేరు పెట్టించుకున్నారని ఫిర్యాదు. ఆ చోటు లక్ష్మణ్ పేరుతో ఉండేదన్నది ఫిర్యాదు చేసినవాళ్ల మాట. 2025 ఏప్రిల్‌లో అసోసియేషన్ అంబుడ్స్‌మన్ అజారుద్దీన్ పేరు తీసెయ్యమన్నారు. అజారుద్దీన్ కోర్టుకెళ్లారు, హైకోర్టు తొలగింపుని ఆపింది. ఆ వారమంతా లక్ష్మణ్ పేరు ప్రతి పేపర్లోనూ ఉంది. మా బాబాయ్ ఆ కటింగులన్నీ దాచారు. ఈసారి పట్టు అంత గట్టిగా పట్టడానికి అదీ ఒక కారణం.

ఇంకో కారణం నేను నిన్న రాత్రి చూశాను. ఈ ఏడాది దాళ్వా (రెండో పంట వరి) వేయనన్న ఒక రైతు చేలో పిచ్ చదును చేస్తున్నారు. గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో బాబాయ్, ఒళ్లో స్కోరు బుక్కు. ఈ ఊరి జట్టుకి ఆయన పదిహేనేళ్లు ఎడంచేత్తో బౌలింగ్ వేశారు. మూడేళ్ల కిందట స్పాన్సర్ వచ్చాక జట్టు పేరు మారింది, జెర్సీ మారింది. కుర్రాళ్లు ఆయన్ని పక్కన పెట్టలేదు, స్కోరు రాయమన్నారు, టీ ముందు ఆయనకే ఇస్తారు. ఆ బుక్కుకి ఖాకీ అట్ట వేసి ఉంది. అట్ట మీద స్కెచ్ పెన్నుతో పాత జట్టు పేరు. కొత్త బుక్కు కొనమని కుర్రాళ్లు డబ్బులు కూడా ఇచ్చారట. "ఇందులో ఇంకా అరవై పేజీలున్నాయిరా" అన్నారు బాబాయ్, పేజీలు తిప్పి చూపిస్తూ.

ఫ్లెక్సీ అబ్బాయికి ఫోన్ చేశాను. మూడు డిజైన్లూ సిద్ధంగా ఉన్నాయట, నారింజది ఒకటి, ఎద్దుది ఒకటి, లోగో ఏమీ లేకుండా టెస్టుల తెల్లబట్టల్లో ఒకటి. కొబ్బరి వ్యాపారి మాత్రం మూడిట్లోనూ తన ఫొటో ఇంకొంచెం పెంచమని చెప్పి వెళ్లారట.