వెన్న ఎందుకు తగ్గిందంటే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు పాలకేంద్రం దగ్గర చిన్నది అడిగింది గుర్తుందా? "మొక్కజొన్న పిండి ఎక్కువ పెడుతుంటే పాలు రెండు లీటర్లు పెరిగాయి కదా తాతయ్యా, స్లిప్పులో వెన్న శాతం ఎందుకు పడిపోయింది?" అని. బస్సు టెన్షన్‌లో సరిగా చెప్పలేకపోయాను.

మేత వేసేది ఆవుకే గానీ, దాన్ని ముందు తినేది ఆవు కడుపులోని సూక్ష్మజీవులు. నాలుగు అరల పొట్టలో పెద్ద అరను రూమెన్ అంటారు. పెద్ద ఆవుకి అందులో 100 లీటర్లకు పైనే పడుతుంది. దోసెల పిండి పులిసినట్టు అక్కడ మేత పులుస్తుంది.

చొప్ప, గడ్డి పులిస్తే ఎక్కువగా అసిటిక్ ఆమ్లం వస్తుంది, వెనిగర్‌లో ఉండేదే. పొదుగు వెన్న తయారుచేసుకునేది చాలావరకు దానితోనే. గింజల్లోని పిండి పులిస్తే ప్రొపియోనిక్ ఆమ్లం వాటా పెరుగుతుంది. కాలేయం దాన్ని గ్లూకోజు చేస్తుంది, పొదుగు ఆ గ్లూకోజుతో పాలచక్కెర చేస్తుంది. చక్కెర ఎంత తయారైతే అంత నీటిని లాగుతుంది. అందుకే లీటర్లు పెరిగాయి. పాలలో చక్కెర శాతం మాత్రం మేత మార్చినా పెద్దగా మారదు, 5కి అటూఇటూగా ఉంటుంది.

అలాగని వెన్న నీళ్లలో పలచబడిందంతే అనుకోకండి. మెత్తటి పిండి గబగబా పులుస్తుంది, పైగా దానికి నెమరు అక్కర్లేదు. నెమరు తగ్గితే లాలాజలం తగ్గుతుంది. పులుపును విరిచే సోడా ఉండేది ఆ లాలాజలంలోనే. కడుపు పుల్లబడితే పీచును అరిగించే సూక్ష్మజీవులు డీలాపడతాయి. మొక్కజొన్నలోని నూనె కూడా ఆ పులుపులో దారి తప్పి, పొదుగులో వెన్న తయారీని ఆపే ఒక రకం కొవ్వుగా మారుతుంది.

ఒకసారి మన ఇంట్లో పెళ్లయ్యాక మిగిలిన అన్నం గంగాళంతో ఆవు ముందు పెట్టాను, పుణ్యమని. తెల్లారేసరికి మేత మానేసి, కడుపుబ్బి పడుకుంది. ఉడికిన అన్నం అంత వేగంగా పులుస్తుంది మరి. మీ నాయనమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

గింజల్లో గోధుమ, బార్లీ తొందరగా పులుస్తాయి. మొక్కజొన్న, జొన్న నిదానం, కానీ మెత్తగా పట్టిస్తే ఆ నిదానం పోతుంది. తప్పు గింజది కాదు, నేను పట్టించిన తీరుది. ఓట్స్‌లో నూనె ఎక్కువ. అవి మేపితే వెన్న కాస్త మెత్తగా వస్తుంది. నాకైతే పత్తి గింజల మీద మోజు. వాటిలో నూనె గింజ లోపల, పీచు పొట్టు చాటున ఉండి మెల్లగా బయటికొస్తుంది. ధర చూస్తేనే గుండె గుభేలంటుంది.

గింజలు అసలు మానేస్తే కూడా నష్టమే. పిండి బలంతో పెరిగిన సూక్ష్మజీవులే తర్వాత అరిగి, ఆవుకి మాంసకృత్తులుగా అందుతాయి. పాలలోని మాంసకృత్తులకు అవే ముఖ్య ఆధారం. ఇక ఏం పెట్టినా మన ఆవు పాలు గేదె పాలైపోవు. అది జాతిలోనే ఉంది.

ఇప్పుడు మొక్కజొన్నను రవ్వగా పట్టిస్తున్నాను. ముందు చొప్ప, తర్వాతే దాణా. ఒక లీటరు తగ్గింది గానీ, 3.2కి పడిపోయిన వెన్న మళ్లీ 3.9కి వచ్చింది.

వేసవికి వచ్చినప్పుడు ఆవు పక్కన కూర్చుని, ఒక్కో నెమరు ముద్దను ఎన్నిసార్లు నములుతుందో లెక్కపెట్టండి. నిన్న నా లెక్కకి 54 వచ్చింది.

మీ తాతయ్య