పెన్‌హోల్డ్ బ్యాట్: అపోహలు, వాస్తవాలు

టేబుల్ టెన్నిస్ బ్యాట్‌ని కలం పట్టినట్టు పట్టుకోవడమే పెన్‌హోల్డ్.

అపోహ: మంచి బ్లేడ్ (రబ్బర్లు అతికించే చెక్క) కొని, రెండు వైపులా మందపాటి రబ్బర్లు వేయిస్తే చాలు.

వాస్తవం: ఎక్కువమంది ముంజేతి నొప్పి తెచ్చుకునేది ఇక్కడే. బ్లేడ్ 88 గ్రాములు, 2.1 మి.మీ. స్పాంజ్ రబ్బర్లు కత్తిరించాక ఒక్కోటి 48 గ్రాములు అనుకోండి. మొత్తం 184. షేక్‌హ్యాండ్‌లో, అంటే కరచాలనం చేసినట్టు పట్టుకుంటే, అరచెయ్యంతా బరువు పంచుకుంటుంది. పెన్‌హోల్డ్‌లో ఆ భారమంతా బొటనవేలు, చూపుడువేలు, వెనక ఆనించిన మూడు వేళ్లే మోయాలి. హ్యాండిల్ కూడా పొట్టిది, చైనా రకంలో సుమారు 80 మి.మీ., అందుకే బరువు తల వైపు, అంటే బంతి కొట్టే భాగం వైపు, లాగుతుంది. రివర్స్ బ్యాక్‌హ్యాండ్‌కి (బ్యాట్ వెనక వైపుతో కొట్టే దెబ్బకి) మణికట్టు లోపలికి మడిచి విసరాలి కదా, తల బరువైతే బ్యాట్ ఆలస్యంగా వస్తుంది, బంతి నెట్‌కి తగులుతుంది. టెక్నిక్ రావట్లేదని బెంగపడే ముందు బ్యాట్‌ని ఒకసారి త్రాసు మీద పెట్టండి.

కొత్తవాళ్లు 80-85 గ్రాముల బ్లేడ్ తీసుకోండి. ఫోర్‌హ్యాండ్‌కి, అంటే ముందు వైపుకి, నచ్చిన రబ్బరే వేయించుకోండి, వెనక మాత్రం 1.8 మి.మీ. స్పాంజ్ ఉన్న తేలికది. జిగురుతో కలిపి 175 దాటకపోతే మణికట్టు ఆడుతుంది. ఒకే మోడల్‌లోనూ బ్లేడ్‌కీ బ్లేడ్‌కీ కొన్ని గ్రాముల తేడా ఉంటుంది, కొనేచోటే తూచమనండి.

అపోహ: చూపుడువేలు ఒరుసుకుపోతే చర్మం గట్టిపడేదాకా ఓర్చుకోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. హ్యాండిల్ పక్కన బ్లేడ్ అంచు పదునుగా ఉండటమే కారణం. బ్యాట్ పట్టుకుని రెండు వేళ్లూ తగిలేచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. రబ్బరు అంచుకి టేప్ వేయండి. 120 నంబరు ఉప్పుకాగితంతో ఆ మూలని గుండ్రంగా అరగదీసి, 400తో నునుపు చేయండి. పదిసార్లు రుద్దగానే ఆపి పట్టుకుని చూడండి, అరిగిన చెక్క తిరిగి రాదు. రబ్బరు కూడా హ్యాండిల్‌కి ఆనించకుండా 5 మి.మీ. వదిలి అతికించండి, వేళ్లు పట్టే ఆ చోటు ఖాళీగా ఉంచడానికి నియమాలు ఒప్పుకుంటాయి.

ఇక ఒకవైపే రబ్బరున్న బ్యాట్ నిషేధమన్న మాట వట్టి పుకారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్లో దక్షిణ కొరియా ఆటగాడు ర్యూ సుంగ్-మిన్ అలాంటి బ్యాట్‌తోనే, రెండు వైపులా కొట్టే చైనా ఆటగాడు వాంగ్ హావోని ఓడించాడు. రబ్బరు లేని వైపు రంగు వేసి ఉండాలి, దాంతో బంతి కొడితే పాయింటు పోతుంది, అంతే.

షేక్‌హ్యాండ్ పిడి కోసి పెన్‌హోల్డ్ చేయడమా? వద్దు. కోసిన ముక్క బరువు పోయి తల ఇంకా కిందికి లాగుతుంది. ఈ పట్టు నచ్చుతుందో లేదో చూడాలంటే కోయకుండా అలాగే పట్టుకుని వారం ఆడండి.