మూడు జట్ల పట్టికలో గెలిచిన టైటిళ్లు: ఓక్లహోమా మీద తగవు ఎక్కడ మొదలైంది?

మార్చి వచ్చిందంటే అమెరికా కాలేజీ జిమ్నాస్టిక్స్ అభిమానుల్లో ఈ తగవు మళ్ళీ రాజుకుంటుంది. ఓక్లహోమా యూనివర్సిటీ మహిళల జట్టు కొన్నేళ్లు మూడే జట్లున్న బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో (కాన్ఫరెన్స్ అంటే తమలో తాము పోటీపడే యూనివర్సిటీల కూటమి) ఏళ్ల తరబడి పోగేసుకున్న టైటిళ్లకు విలువ ఎంత? 2024 వేసవిలో ఆ యూనివర్సిటీ సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌కు, అంటే ఎస్‌ఈసీకి మారింది. 2025 మార్చి 22న బర్మింగ్‌హామ్‌లో ఆ కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్‌లో తొలిసారి దిగి, ట్రోఫీ లేకుండా తిరిగి వెళ్లింది. 198.200 స్కోరుతో లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ) గెలిచింది. ఇద్దరు ముగ్గురి మధ్య గెలవడం వేరు, ఇక్కడ గెలవడం వేరు అని ఎస్‌ఈసీ పక్షం అప్పుడే తీర్పు చెప్పేసింది. సరిగ్గా నాలుగు వారాలకు, ఏప్రిల్ 19న, ఫోర్ట్‌వర్త్‌లో జాతీయ టైటిల్ గెలిచింది ఓక్లహోమా. ఎల్‌ఎస్‌యూ అయితే ఫైనల్ దాకా కూడా రాలేదు. దాంతో తగవు తీరకపోగా ఇంకాస్త ముదిరింది.

బిగ్ 12లో తొలి ఏళ్లలో ఆధిపత్యం నెబ్రాస్కాది. ఈ తగవుకు మూలం 2011, 2012 సంవత్సరాల్లో ఉంది. ఫుట్‌బాల్ టీవీ హక్కుల డబ్బు చుట్టూ కాన్ఫరెన్స్‌లు చెల్లాచెదురైన కాలమది. 2011లో నెబ్రాస్కా బిగ్ టెన్‌కు, 2012లో మిస్సోరి ఎస్‌ఈసీకి వెళ్లిపోయాయి. జిమ్నాస్టిక్స్‌ను తలుచుకుని ఎవరూ ఈ నిర్ణయాలు తీసుకోలేదు. దెబ్బ మాత్రం దానికే గట్టిగా తగిలింది. బిగ్ 12లో మొదటి నుంచీ ఈ ఆట ఆడేవి నాలుగే జట్లు. టెక్సస్, కాన్సస్, ఓక్లహోమా స్టేట్ లాంటి పెద్ద యూనివర్సిటీల్లో మహిళల జిమ్నాస్టిక్స్ జట్టే లేదు. నాలుగింట్లో రెండు పోతే మిగిలినవి ఓక్లహోమా, అయోవా స్టేట్. వెస్ట్ వర్జీనియా వచ్చి చేరాక మూడయ్యాయి. డెన్వర్ ఈ ఒక్క ఆట కోసమే అనుబంధ సభ్యురాలిగా 2015-16లో వచ్చేదాకా లెక్క అంతే.

మూడు జట్లతో కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్ అంటే వాల్ట్, అన్ఈవెన్ బార్స్, బీమ్, ఫ్లోర్ అనే నాలుగు పరికరాల్లో ప్రతి రొటేషన్‌లోనూ (జట్లు పరికరాలు మార్చుకునే ఒక్కో వంతులోనూ) ఒకటి ఖాళీగా ఉంటుంది. ఎస్‌ఈసీ అభిమానులు నేటికీ వేలు పెట్టి చూపించేది ఆ ఖాళీ పరికరాన్నే. చివరి స్థానంలో నిలిచినా పట్టికలో మూడో జట్టేనని వాళ్ల ఎద్దేవా.

అయితే ఈ ఆటలో కాన్ఫరెన్స్ టైటిల్‌తో వచ్చేదేమిటో చూడాలి. ట్రోఫీ వస్తుంది, బ్యానర్ వస్తుంది. జాతీయ పోటీల్లో చోటు రాదు. బాస్కెట్‌బాల్‌లో కాన్ఫరెన్స్ టోర్నీ గెలిస్తే జాతీయ టోర్నీకి నేరుగా టికెట్ దొరుకుతుంది. మహిళల జిమ్నాస్టిక్స్‌లో ఆ పద్ధతి లేదు. జాతీయ పోటీల తొలి దశ అయిన రీజినల్స్‌కు వెళ్లే 36 జట్లనూ నేషనల్ క్వాలిఫయింగ్ స్కోర్ (ఎన్‌క్యూఎస్) ప్రకారమే ఎంపిక చేస్తారు. ఒక జట్టు సీజన్‌లో సాధించిన స్కోర్లలో మెరుగైన ఆరు తీసుకుంటారు. వాటిలో కనీసం మూడు సొంత జిమ్ బయట సాధించినవై ఉండాలి. అన్నిటికంటే పెద్దదాన్ని తీసేసి మిగతా ఐదింటికి సగటు కడతారు. కాన్ఫరెన్స్ ఛాంపియన్‌షిప్ స్కోరు కూడా ఇందులో కలుస్తుంది. ఎంపికకు ముందు స్కోరు పెంచుకునే ఆఖరి అవకాశం అదే.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. ఒక జట్టు చేతిలో 198.400, 198.200, 198.100, 197.900, 197.800, 197.500 ఉన్నాయి. పెద్దది తీసేస్తే మిగిలినవాటి సగటు 197.900. కాన్ఫరెన్స్ పోటీలో ఆ జట్టు 198.300 చేసి రెండో స్థానంలో నిలిచిందనుకోండి. 197.500 జాబితా నుంచి పోతుంది, సగటు 198.060 అవుతుంది. ట్రోఫీ చేజారినా ర్యాంకు పెరుగుతుంది. అదే జట్టు 197.400 చేసి గెలిస్తే ట్రోఫీ వస్తుంది కానీ సగటు వెంట్రుకవాసి కూడా కదలదు. కోచ్‌లు కాన్ఫరెన్స్ పోటీకి వెళ్లేటప్పుడు వాళ్ల బుర్రలో తిరిగే లెక్క ఇదే.

క్రికెట్‌లోలా ఎదుటి బౌలర్ బట్టి బ్యాటర్ ఆట మారిపోవడం ఇక్కడ లేదు. పక్క జట్టు బలమైనదైతే బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్ల నుంచి తగ్గిపోదు. ఒక్కో పరికరం మీద ఆరుగురు చేస్తారు, మెరుగైన ఐదు స్కోర్లు లెక్కలోకి వస్తాయి. ఒక్కొక్కరికీ గరిష్ఠం 10 కాబట్టి జట్టుకు గరిష్ఠం 200. (మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్ వాల్ట్‌లో 13.649తో కాంస్యం గెలిచింది కదా, అది అంతర్జాతీయ పద్ధతి. అమెరికా కాలేజీలు ఇప్పటికీ పాత 10 పాయింట్ల పద్ధతిలోనే ఉన్నాయి.) ల్యాండింగ్‌లో చిన్న అడుగు పడితే 0.05 నుంచి 0.10 కోత. ఫ్లోర్‌పై గీత దాటితే 0.10. పడిపోతే 0.50. మూడు జట్లున్నా తొమ్మిది జట్లున్నా ఈ కోతలు ఇవే.

అందుకే 2012 తర్వాత ఓక్లహోమాకు కాన్ఫరెన్స్ అన్నది కొలబద్దగా పనికిరాకుండా పోయింది. జాతీయ స్థాయిలో నిలబడాలంటే కాన్ఫరెన్స్ బయటి జట్లతో షెడ్యూల్ కట్టుకోవాలి, బయటి జిమ్‌లలో పెద్ద స్కోర్లు తెచ్చుకోవాలి, పక్కవాళ్లు ఎంత వెనకబడినా తమ కోతలు తామే లెక్కపెట్టుకోవాలి. కోచ్ కె.జె. కిండ్లర్‌కు ఈ కాన్ఫరెన్స్ అప్పటికి కొత్తేమీ కాదు. ఓక్లహోమాకు రాకముందు ఆమె అయోవా స్టేట్ కోచ్. 2006లో బిగ్ 12 టైటిల్‌ను అయోవా స్టేట్‌కు గెలిపించాకే ఓక్లహోమా యూనివర్సిటీ ఉన్న నార్మన్‌కు వచ్చారు. అంటే ఓక్లహోమాతో పోటీపడి ఇదే ట్రోఫీ గెలిచిన మనిషి. తనకు అన్నీ వడ్డించిన విస్తరిలా దొరికాయన్న మాట ఆమె విషయంలో అతకదు.

ఇక ఫలితాలు. 2014లో ఓక్లహోమా, ఎస్‌ఈసీ జట్టు ఫ్లోరిడా 198.175 వద్ద సమంగా నిలిచి జాతీయ టైటిల్ పంచుకున్నాయి. 2016 జాతీయ ఫైనల్లో ఓక్లహోమా 197.675, ఎల్‌ఎస్‌యూ 197.450. 2017లో ఓక్లహోమా 198.3875, ఎల్‌ఎస్‌యూ 198.1250. 2019లో ఓక్లహోమా 198.3375, ఎల్‌ఎస్‌యూ 197.8250. ఈ మూడింట్లో 2017, 2019 సీజన్లలో ఎస్‌ఈసీ ఛాంపియన్ ఎల్‌ఎస్‌యూనే. అప్పటికి ఎనిమిది జట్ల కాన్ఫరెన్స్‌లో మొదటి స్థానంలో నిలిచి వచ్చిన జట్టు, నాలుగు జట్ల కాన్ఫరెన్స్ విజేత చేతిలో ఓడిపోయింది. 2019 నాటి తేడా 0.5125, ఒకసారి కిందపడితే పోయే మార్కుల కంటే కాస్త ఎక్కువే. 2022, 2023 ఫైనల్స్‌లో రెండో స్థానం ఫ్లోరిడాది. ఆ రెండేళ్లూ ఎస్‌ఈసీ ఛాంపియన్ ఫ్లోరిడానే.

జాతీయ పోటీల స్కోర్లలో ఆ 0.0125 తోక ఎందుకు వస్తుందో కూడా చెప్పుకోవాలి. ఒక్కో జడ్జి 0.05 మెట్లలో మార్కులు ఇస్తారు. మామూలు మీట్‌లో పరికరానికి ఇద్దరు జడ్జీలు, వాళ్ల సగటు 0.025 దాకా వెళ్తుంది. జాతీయ పోటీల్లో ఆరుగురు ఉంటారు, పైదీ కిందదీ తీసేసి నలుగురి సగటు కడతారు. సొంత ఊరి ఉత్సాహానికి ఒక జడ్జి చెయ్యి జారినా ఇక్కడ అది కొట్టుకుపోతుంది. నార్మన్‌లో స్కోర్లు ఉదారంగా పడతాయన్న ఆరోపణ ఉంది. ఎల్‌ఎస్‌యూ ఊరు బేటన్‌రూజ్‌లో, ఫ్లోరిడా జట్టు ఊరు గెయిన్స్‌విల్‌లో పడవా అంటే పడతాయి. ఆరుగురు జడ్జీల ముందు ఎవరు నిలబడ్డారో పై పేరాలో ఉంది.

ఎస్‌ఈసీ పక్షం వాదన స్కోర్ల గురించి కాదు, ఒత్తిడి గురించి. ఎస్‌ఈసీ ఛాంపియన్‌షిప్‌లో బలమైన సీడ్లన్నీ సాయంత్రం సెషన్‌లో ఒకే అరేనాలో, నిండిన గ్యాలరీల మధ్య తలపడతాయి. బిగ్ 12లో ఒకరు పడిపోయినా గెలుపు చేతిలోనే ఉండేది కాబట్టి ఓక్లహోమాకు ఆ అలవాటు లేదని వాళ్లంటారు. 2021లో డెన్వర్ చేతిలో బిగ్ 12 టైటిల్ చేజారడాన్నీ, అంతకంటే ముఖ్యంగా 2024 ఏప్రిల్‌ను సాక్ష్యంగా చూపిస్తారు.

2024 ఏప్రిల్‌లో జరిగింది ఇదీ. బిగ్ 12 టైటిల్ గెలిచి, దేశంలో నంబర్ వన్‌గా, వరుసగా రెండేళ్ల జాతీయ విజేతగా ఓక్లహోమా ఫోర్ట్‌వర్త్ సెమీఫైనల్‌కు వచ్చింది. మొదటి రొటేషన్ వాల్ట్. అక్కడే కుప్పకూలింది. ఉటా 197.9375, ఫ్లోరిడా 197.8750తో ఫైనల్‌కు వెళ్లాయి. ఓక్లహోమా 196.6625 దగ్గర ఆగిపోయింది. రెండో స్థానానికి 1.2125 దూరం.

అంత దూరం ఎలా వచ్చిందో వాల్ట్ తీరు తెలిస్తే అర్థమవుతుంది. యుర్చెంకో రకం వాల్ట్‌లో జిమ్నాస్ట్ పరుగెత్తుకొచ్చి, రౌండాఫ్‌తో (చేతులు ఆనించి వేసే బండిచక్రం లాంటి పల్టీతో) స్ప్రింగ్‌బోర్డ్ మీదకు వచ్చి, వెనక్కి ఎగిరి 125 సెంటీమీటర్ల ఎత్తున్న టేబుల్ మీద చేతులు మోపి, అక్కడి నుంచి గాల్లోకి లేస్తుంది. గాల్లో ఒక పూర్తి మెలిక తిరిగితే 2016 సీజన్ నుంచి దాని ప్రారంభ విలువ, అంటే తప్పు లేకుండా చేస్తే వచ్చే మార్కు, 9.95 మాత్రమే. 10.0 కావాలంటే చాలామంది ఎంచుకునేది ఒకటిన్నర మెలిక. పూర్తి మెలికతో దిగేటప్పుడు ముఖం టేబుల్ వైపు ఉంటుంది, నేల ముందే కనిపిస్తుంది. ఆ అర మెలిక కలిపితే టేబుల్‌కు వీపు పెట్టి, నేలను ముందుగా చూడకుండా దిగాలి. చేతులతో టేబుల్‌ను నెట్టడంలో రవ్వంత ఆలస్యమైతే ఎత్తు తగ్గుతుంది, మెలిక పూర్తవకముందే పాదాలు తగులుతాయి. అప్పుడు ముందుకు అడుగులు పడతాయి, లేదా కూలబడిపోతారు. బార్స్‌పై జారినా బీమ్‌పై తూలినా మళ్ళీ ఎక్కి మిగతా విన్యాసం చక్కగా చేసి కొంత రాబట్టుకోవచ్చు. వాల్ట్ కొన్ని క్షణాల పని, రాబట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఆరుగురిలో ఒకరు పడితే ఆ స్కోరు తీసేస్తారు, ఎవరికీ నష్టం లేదు. ఇద్దరు తడబడితే రెండోది లెక్కలోకి వస్తుంది. ఉదాహరణకు 9.90, 9.85, 9.30, 9.90, 9.25, 9.90 పడితే 9.25 పోతుంది, 9.30 మిగులుతుంది. మొత్తం 48.850. ఆ 9.30 స్థానంలో 9.85 ఉంటే 49.400. రెండో తప్పుకు 0.550 మూల్యం. ఆ రోజు ఓక్లహోమా వాల్ట్‌పై ఒకటికి మించి తప్పులు జరిగాయి. కాన్ఫరెన్స్‌లో ఎన్ని జట్లున్నా ఈ గణితం మారదు. అదే సెమీఫైనల్లో ఓక్లహోమా కంటే కింద, చివరి స్థానంలో నిలిచింది ఎవరో కాదు, ఎస్‌ఈసీ ఒత్తిడిలో రాటుదేలిందనే అలబామా. ఈ సంగతిని ఆ పక్షం పెద్దగా ఎత్తదు.

ఎల్‌ఎస్‌యూ ఆ ఏడాది ఎస్‌ఈసీ టైటిల్ గెలిచి, అదే ఊపులో 198.2250తో తన తొలి జాతీయ టైటిల్ కూడా గెలిచింది. ఎస్‌ఈసీ వాదానికి ఇంతకంటే గట్టి ఆధారం లేదు. 2025లోనూ ఫిబ్రవరిలో బేటన్‌రూజ్‌లో, మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఓక్లహోమాను వెనక్కి నెట్టింది. కాన్ఫరెన్స్ మారాక ఓక్లహోమాకు దారి కష్టమైందన్నది నిజం. కానీ 2025 ఏప్రిల్ 17 సెమీఫైనల్లో ఉటా, యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) ముందుకు వెళ్లాయి, ఎల్‌ఎస్‌యూ మిగిలిపోయింది. రెండు రోజుల తర్వాత ఓక్లహోమా 198.0125, యూసీఎల్‌ఏ 197.6125, మిస్సోరి 197.2500, ఉటా 197.2375.

ఈలోగా కాన్ఫరెన్స్‌ల రూపమే మారిపోయింది. ఓక్లహోమా రాకతో ఎస్‌ఈసీలో జిమ్నాస్టిక్స్ జట్లు తొమ్మిదయ్యాయి. ఎనిమిది ఉన్నప్పుడు నాలుగేసి చొప్పున రెండు సెషన్లు, నాలుగు పరికరాలు, లెక్క సరిపోయేది. ఒక సెషన్‌లో ఐదు జట్లు పెడితే ఐదు రొటేషన్లు కావాలి, ప్రతి జట్టూ ఒక రొటేషన్ ఖాళీగా కూర్చోవాలి. వేడెక్కిన కండరాలు చల్లబడ్డాక బీమ్ ఎక్కాల్సి వస్తుందేమోనని ఏ కోచ్‌కైనా గుబులే. అటు బిగ్ 12లో ఓక్లహోమా పోయినా ఉటా, అరిజోనా, అరిజోనా స్టేట్ వచ్చాయి. ఒకప్పుడు మూడు జట్ల పట్టిక ఉన్నచోట 2025లో ఏడు జట్లున్నాయి, ఆ టైటిల్ ఉటా గెలిచింది. మిస్సోరి 2012లో వదిలి వెళ్లిన ఓక్లహోమాను పదమూడేళ్ల తర్వాత మళ్ళీ సొంత కాన్ఫరెన్స్‌లోనే ఎదుర్కొంది. ఫోర్ట్‌వర్త్ ఫైనల్లో ఆడిన ఆ నాలుగు జట్లలో 2011 సీజన్‌లో ఇప్పటి కాన్ఫరెన్స్‌లోనే ఉన్నది ఒక్కటీ లేదు.