సర్కారు బడి టీచర్‌కు పాఠం మీద హక్కు: 40 ఏళ్ల నేపథ్యం

ఏజెన్సీ బడుల్లో ఒకే గదిలో రెండు మూడు తరగతులు, రెండు మూడు భాషలు కనిపించడం మామూలే. ఆ పిల్లలకు ఏం చెప్పాలో, ఎంత నెమ్మదిగా చెప్పాలో తేల్చుకునే హక్కు టీచర్‌కు ఎంత ఉండాలన్నది మన దగ్గర పాత తగువే.

1984లో బ్రిటన్ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. సీనియర్ టీచర్లకు అది ‘ఏపీపెప్’గానే గుర్తు. పిల్లలతో చేయించే కృత్యాలను టీచరే తయారు చేసుకోవాలి, ఊళ్లో ఉన్నదాన్నే పాఠానికి వాడుకోవాలి అన్నవి దాని ఆరు సూత్రాల్లో ఉన్నాయి. చుట్టుపక్కల బడుల వాళ్లు టీచర్ సెంటర్లో కలిసి, చేసి చూసినవి చెప్పుకునేవారు. మంచి ప్రయత్నమే, కానీ బోధనా పద్ధతి వరకే. పాఠ్యపుస్తకం హైదరాబాద్‌లోనే తయారయ్యేది.

అసలు పాఠంలోకే టీచర్లు అడుగుపెట్టింది 2004లో, మాతృభాషా ఆధారిత బహుభాషా విద్యతో. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా: ఎనిమిది భాషల్లో మొదటి తరగతి పుస్తకాలు వచ్చాయి. ఆ భాషలు మాట్లాడే టీచర్లే కూర్చుని, ఊరి పెద్దల దగ్గర పాటలు, కథలు, పండుగల వివరాలు సేకరించి, తెలుగు లిపిలో రాశారు. బడిలో నోరు విప్పని పిల్లలకు ఇంటి మాటే పాఠమైంది. ఇంతకంటే పెద్ద మార్పు మన ప్రాథమిక విద్యలో నాకు కనిపించదు.

అలాంటి టీచర్లు ఊళ్లో ఉండటానికి 2000 నాటి జీవో 3 ఆధారంగా నిలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని అది చెప్పింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

మధ్యలో 2009 విద్యాహక్కు చట్టం వచ్చింది. పాఠ్యప్రణాళికను ప్రభుత్వం నియమించిన సంస్థే నిర్ణయిస్తుందని 29వ సెక్షన్ అంటుంది. 24వ సెక్షన్ టీచర్‌కు అప్పగించిన పనుల్లో రెండు ఇవి: సిలబస్ మొత్తం గడువులోగా పూర్తి చేయాలి, ప్రతి పిల్లవాడి స్థాయి చూసి అవసరమైతే అదనంగా చెప్పాలి. గడువు దాటితే అధికారి అడుగుతారు. వెనకబడిన పిల్ల గురించి అడిగేవాళ్లు తక్కువ. అందుకే టీచర్లకు సిలబస్ టెన్షనే ఎక్కువ.

2021లో కేంద్రం ‘నిపుణ్ భారత్’ తెచ్చింది, 2022లో తెలంగాణ ‘తొలిమెట్టు’ మొదలుపెట్టింది. చదవడం, లెక్కలు రాని పిల్లల మీద ఈ కార్యక్రమాలు దృష్టి పెట్టడం చాలా అవసరం. అయితే రోజువారీ పాఠ్య ప్రణాళిక పైనుంచే వస్తే, గోండి మాత్రమే తెలిసిన పిల్లకు ఆ పాఠం ముందు ఇంకో వారం కావాలని తేల్చే అధికారం ఎవరిదో ఇప్పటికీ రాసి లేదు.