వ్యక్తి అంటే ఎవరు? దేవుడు, అమ్మ, ఏఐ: కొన్ని అపోహలు - వాస్తవాలు

నెల్లూరు కోర్టులో సివిల్ కేసులు చూస్తాను. లా చదవకముందు ఫిలాసఫీలో ఎంఏ చేశాను. ఈ మధ్య క్లయింట్లు కూడా ఫోన్ చూపించి "సార్, రేపు ఈ ఏఐకి కూడా హక్కులిస్తారా?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న వెనక ఎప్పుడూ అవే అపోహలు కనిపిస్తున్నాయి కాబట్టి రాస్తున్నాను.

అపోహ: మనిషైతేనే వ్యక్తి.

వాస్తవం: చట్టం ఎప్పుడూ అలా అనుకోలేదు. గుడి మాన్యం కేసు వస్తే ముందు అడంగల్ తీస్తాం. పట్టాదారు గడిలో స్వామివారి పేరు ఉంటుంది. ఆ పొలం పూజారిది కాదు, ధర్మకర్తదీ కాదు. 1925లో కలకత్తా నుంచి వచ్చిన ఒక కుటుంబ తగాదాలో, అప్పట్లో మన కేసులకు చివరి అప్పీలు కోర్టైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ విగ్రహాన్ని చట్టపరమైన వ్యక్తిగా, అంటే తన పేరున ఆస్తి, కేసులు ఉండగలిగినదిగా గుర్తించింది. దేవత తరఫున మాట్లాడటానికి ఆ తగాదాతో సంబంధం లేని మనిషిని పెట్టమంది. అయోధ్య కేసులో రామ్‌లల్లా కూడా ఒక వాదే. ఇదంతా భక్తి కోసం మాత్రమే కాదు. ఆస్తి దేవుడి పేరున లేకపోతే దాన్ని చూసుకునేవాడే మింగేస్తాడు.

అపోహ: దేవుడికి, కంపెనీకి వ్యక్తి హోదా ఇచ్చినప్పుడు ఏఐకి ఇస్తే ఏం పోయింది?

వాస్తవం: 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలను వ్యక్తులుగా ప్రకటించింది. జులైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అక్కడి ప్రభుత్వం లేవనెత్తిన సందేహం ఒకటి: వరదొచ్చి నష్టపోయినవాళ్లు పరిహారం కోసం ఎవరి మీద కేసు వేయాలి? 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు ఇక్కడున్న వాళ్లకి ఆ సందేహం బాగా అర్థమవుతుంది. ఏఐ విషయంలో నా భయమూ అదే. తప్పంతా సాఫ్ట్‌వేర్ నెత్తిన పెట్టి, తయారుచేసినవాళ్లు తప్పుకుంటారు. సాఫ్ట్‌వేర్‌ని బోనెక్కించి మనం రాబట్టేదేముంది?

అపోహ: మనలా మాట్లాడుతోందంటే లోపల ఎవరో ఉన్నట్టే.

వాస్తవం: 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రాసిన ఎలిజా అనే ప్రోగ్రామ్, మనం టైప్ చేసిన మాటల్నే కాస్త తిప్పి ప్రశ్నలుగా అడిగేది. దానితో మాట్లాడుతూ ఆయన సెక్రటరీయే, మీరు కాసేపు బయటికి వెళ్లండి అని ఆయన్ని కోరింది. మాట వినగానే ఎదుట ఒక మనసుందనుకోవడం మన అలవాటు. అలాగని యంత్రానికి ఎన్నటికీ అనుభవం ఉండదని తేల్చినవాళ్లూ లేరు. దానికి బాధ తెలుస్తుందా అన్నదే నాకు అసలు ప్రశ్న. తెలివి లెక్కలోకి రాదు.

అపోహ: జ్ఞాపకం పోతే ఆ మనిషి పోయినట్టే.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. దీనికి పెద్ద పేరే అండగా ఉంది. ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ 1694లో, నిన్నటి పనిని నాదిగా గుర్తుచేసుకోగలిగితేనే నేను అదే వ్యక్తిని అన్నాడు. థామస్ రీడ్ అనే మరో తత్వవేత్త 1785లో ఒక కథతో దానికి అడ్డు చెప్పాడు. తోటలో దొంగతనం చేసి దెబ్బలు తిన్న పిల్లాడు పెద్దయి సైనికుడయ్యాడు. అప్పటికి ఆ దెబ్బలు గుర్తున్నాయి. ముసలి జనరల్ అయ్యేసరికి తన సైనిక విజయాలు గుర్తున్నాయి గానీ ఆ దెబ్బలు మర్చిపోయాడు. లాక్ లెక్కన జనరల్ ఆ సైనికుడే, సైనికుడు ఆ పిల్లాడే, కాబట్టి జనరల్ ఆ పిల్లాడే అవ్వాలి; దెబ్బలు గుర్తులేవు కాబట్టి కాకుండానూ పోవాలి!

కోవూరు వైపు నుంచి ఒకాయన వాళ్లమ్మని తీసుకొచ్చాడు. మతిమరుపు జబ్బు. "అమ్మకేం తెలీదు సార్, వేలిముద్ర వేయించేద్దాం" అన్నాడు. ఇల్లు కొడుక్కి రాసిచ్చే కాగితం అది. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం, మామూలుగా మతి స్థిమితం లేని మనిషి కూడా స్థిమితంగా ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చు. లేని సమయంలో చేయించుకున్నది మాత్రం చెల్లదు. ఒప్పందం చేసుకునే శక్తి లేనంత మాత్రాన ఆమె ఇల్లు ఆమెది కాకుండా పోదు.

అదే చెబుతున్నాను. ఈలోగా గుమాస్తా కుర్రాడు ఇంకు ప్యాడ్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె బొటనవేలు పిడికిట్లో దాచుకుని, చెయ్యి కొంగు కింద పెట్టేసుకుంది. కొడుకు పేరు అడిగితే చెప్పలేదు. కుర్రాడి మొహంలోకి చూసి "అన్నం తిన్నావా అబ్బయా?" అంది.

ప్యాడ్ మూసేయమన్నాను.