ఇనుము ఆలస్యంగా వచ్చింది

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు దాకా వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును వర్ణపటంగా విడదీస్తే మెరిసే గీతలు కనిపించాయి. ఒక్కో మూలకానికీ తనవైన గీతలుంటాయి. ఆ ఏడాది పరిశీలనల్లో తేలిన ఒక పసుపు గీత, అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. ఆ గీత వెనకున్న కొత్త మూలకానికే హీలియం అని పేరు పెట్టారు. అది భూమ్మీద దొరికింది 1895లో.

సూర్యుడు హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తున్నాడు కాబట్టి అదంతా ఆయన సొంత సరుకే అనుకుంటాం. కానీ పైపొరల్లో ఉన్నది దాదాపుగా ఆయన పుట్టకముందుదే. మహావిస్ఫోటనం జరిగిన కొన్ని నిమిషాల్లోనే, బరువు లెక్కన, మామూలు పదార్థంలో నాలుగో వంతు హీలియం అయిపోయింది. మిగతాది హైడ్రోజన్, కాస్త లిథియం. 1380 కోట్ల ఏళ్లుగా నక్షత్రాలు మండుతున్నా ఆ వాటా పెద్దగా పెరగలేదు.

మిగతా మూలకాలన్నీ దాదాపు సున్నా నుంచి మొదలయ్యాయి. సూర్యుడిలో అవన్నీ కలిపినా రెండు శాతం లోపే. హీలియం కన్నా బరువైన ప్రతిదాన్నీ ఖగోళ శాస్త్రజ్ఞులు ‘లోహం’ అంటారు, ఆక్సిజన్‌ను కూడా! కెమిస్ట్రీ మాస్టారు వింటే ఊరుకోరు.

ఈ ‘లోహాలు’ ఒకేసారి రాలేదు. భారీ నక్షత్రాల ఆయుష్షు తక్కువ. కొన్ని కోట్ల ఏళ్లలోపే పేలిపోయి ఆక్సిజన్, మెగ్నీషియం వెదజల్లుతాయి, కొంత ఇనుమునూ ఇస్తాయి. ఇనుము భారీగా వచ్చేది మాత్రం శ్వేత కుబ్జ తారల పేలుళ్ల నుంచి. సూర్యుడిలాంటి చిన్న నక్షత్రం ముందు ముసలిదై చల్లారాలి, అలా మిగిలిన నిప్పుకణికే శ్వేత కుబ్జ తార, అది జంట తార వల్ల పేలాలి. దానికి చాలాసార్లు వంద కోట్ల ఏళ్లు కూడా పడుతుంది. అందుకే మన పాలపుంతలోని ముసలి తారల్లో ఇనుముతో పోలిస్తే ఆక్సిజన్ పాలు ఎక్కువ. ఆ నిష్పత్తి చూస్తే ఏ తార ఏ తరానిదో చాలావరకు పోల్చుకోవచ్చు. నాకు ఇంత ముచ్చటైన గడియారం ఇంకోటి కనిపించలేదు.

2014లో ఆస్ట్రేలియా నుంచి కనిపెట్టిన ఒక తార మరీ విచిత్రం. దాని వెలుగులో కార్బన్, మెగ్నీషియం, కాల్షియం గీతలున్నాయి. ఇనుము గీత మాత్రం ఎంత వెతికినా లేదు. సూర్యుడిలో ఉన్నదాంట్లో పది లక్షల్లో ఒక వంతు కూడా లేదన్నమాట. దానికి ముందు తరంలో పేలిన ఒకే ఒక్క భారీ తార, తాను చేసిన ఇనుమును మళ్లీ తనలోకే, కృష్ణబిలంలోకి మింగేసుకుని ఉంటుందని అంచనా.