నొప్పి తగ్గినా మందు ఎందుకు ఆపకూడదు: పేగుపూతతో పెరిగే పిల్లల ఇళ్ల కోసం

ఇంటర్ చదివే పిల్లలు ఇంట్లో చెప్పకుండా దాచే విషయాల్లో దొడ్డికి వెళ్లే సంగతి ఒకటి. రోజుకు 6, 7 సార్లు మోషన్లు అవుతున్నా, రక్తం పడుతున్నా నెలల తరబడి ఎవరితోనూ అనరు. ప్యాంటు వదులైనప్పుడు అమ్మకు అనుమానం వస్తుంది. హాస్టల్ వార్డెన్ ఫోన్ చేస్తే గానీ నాన్నకు తెలియదు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7కో 8కో పడిపోయి ఉంటుంది.

ఇలా బయటపడే జబ్బుల్లో పేగుపూత ఒకటి. డాక్టర్లు ఐబీడీ (ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్) అంటారు. ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది, లోపలి పొరనే పుండు చేస్తుంది. క్రోన్స్ జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. ఒకచోట పుండు, పక్కన మంచి పేగు, మళ్లీ పుండు అన్నట్టు ఉంటుంది. పేగు గోడ మందమంతా లోతుగా దిగుతుంది కాబట్టి పేగు ఇరుకైపోవడం, మలద్వారం పక్కన చీము కారే దారి, అంటే ఫిస్టులా, ఏర్పడటం ఇందులోనే ఎక్కువ. న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, ఆయన ఇద్దరు సహచరులు 1932లో దీన్ని వివరంగా రాయడంతో ఆ పేరు నిలిచింది. రెండూ ఎక్కువగా 15 నుంచి 35 ఏళ్ల మధ్య బయటపడతాయి. చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ఉండేది ఆ వయసులోనే.

ఎందుకు వస్తుంది? మన పేగు లోపలి పొర ఒకే ఒక్క వరుస కణాలతో కట్టిన గోడ. కొద్ది రోజులకోసారి పాత కణాలు రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. గోడకు అటువైపు కోట్లాను కోట్ల బ్యాక్టీరియా, ఇటువైపు మన రోగనిరోధక కణాలు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ కణాలు ఆ బ్యాక్టీరియాను చూసీ చూడనట్టు ఊరుకుంటాయి. పేగుపూతలో ఆ ఓర్పు పోతుంది. శత్రువు లేకపోయినా దాడి ఆగదు, దెబ్బ తినేది మన పేగే. దీనితో సంబంధమున్న చోట్లు మన జన్యువుల్లో 200కు పైగా గుర్తించారు. అలాగని జన్యువులతోనే జబ్బు రాదు. మారిన తిండి, చిన్నప్పుడు పదే పదే వాడిన యాంటీబయాటిక్స్, పేగులోని బ్యాక్టీరియాలో వచ్చిన తేడా, ఇలాంటివన్నీ కలిసి వస్తాయి. ఇది అంటుకునే జబ్బు కాదు. ఒకే కంచంలో తిన్నా రాదు. తల్లి ఏదో తప్పు వండిపెట్టినందుకూ రాదు.

నల్లగొండలో ఈ జబ్బు గురించి చెబితే చాలామంది ముందు ఫ్లోరైడ్ నీళ్ల సంగతే అడుగుతారు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిపోయిన కాళ్లను, గారపట్టిన పళ్లను చూసిన వాళ్లకు ఆ అనుమానం రావడం సహజం. ఫ్లోరైడ్ ఎముకలను, పళ్లను దెబ్బతీస్తుంది. పేగుపూతకు అది కారణమని ఆధారం లేదు. ఇది పట్నం జబ్బు అనుకోవడం కూడా పొరపాటే. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆస్పత్రి వైద్యులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో, పొట్ట బాధలతో వచ్చినవాళ్లలో పేగుపూత ఉన్నవాళ్ల శాతం పల్లెల్లోనూ పట్నంలోనూ దాదాపు సమానంగా తేలింది.

మన దగ్గర జబ్బు పేరు తెలిసేలోపే చాలా కాలం గడిచిపోతుంది. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్రలిస్తాడు. రక్తం పడితే మొలలు అంటారు, బస్టాండు దగ్గర పైల్స్ బోర్డు చూసి తీసుకెళ్తారు. కడుపునొప్పికి డైక్లోఫెనాక్ సూది పడుతుంది. ఈ జాతి నొప్పి మందులు పేగుపూతను రెచ్చగొట్టగలవు. పిల్ల చిక్కిపోతుంటే చుట్టాల్లో ఎవరో ఒకరు మెల్లగా అంటారు: "బిడ్డకు ఎవరో మందు పెట్టిన్రు." ఇక మందు కక్కించేవాళ్ల దగ్గరికి ప్రయాణం. తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. బిడ్డ కళ్లముందే తరిగిపోతుంటే ఎవరు ఏ దారి చెప్పినా పోతారు. కానీ అసలే నీరసించిన ఒంటిని బలవంతంగా వాంతి చేయించి ఇంకా ఎండగడతారు. పైగా ఏ మేనత్త మీదో, పక్కింటామె మీదో నింద పడి, పిల్లకు తోడు కావలసిన మనుషులే దూరమవుతారు.

మామూలు అజీర్ణానికి, దీనికి తేడా చెప్పే గుర్తులున్నాయి. నిద్రలోంచి లేచి మరీ మోషన్‌కు పరుగెత్తడం, వారాల తరబడి రక్తం, జిగట, బరువు తగ్గడం, తరచూ జ్వరం, నోట్లో పుళ్లు, కీళ్ల నొప్పులు. చిన్నపిల్లల్లో ఇంకొకటి ఉంది, అది తేలిగ్గా కంటపడదు. ఎత్తు పెరగడం ఆగిపోతుంది, ఈడుకు రావడం ఆలస్యమవుతుంది. క్రోన్స్‌లో కొందరు పిల్లలకు కడుపునొప్పి కన్నా ముందు కనిపించేది ఇదే. ప్రతి పుట్టినరోజుకూ గోడ మీద ఎత్తు గీత గీసే అలవాటున్న ఇళ్లలో ఈ సంగతి త్వరగా తెలుస్తుంది.

మన దేశంలో ఇంకో చిక్కు టీబీ. పేగుకు వచ్చే టీబీ, క్రోన్స్ అచ్చం ఒకేలా కనిపిస్తాయి, చిన్న ముక్క తీసి చూసే బయాప్సీలోనూ ఒక్కోసారి తేడా తెలియదు. అప్పుడు డాక్టర్లు టీబీ మందులు మొదలుపెట్టి 2, 3 నెలల తర్వాత మళ్లీ కొలనోస్కోపీ (మలద్వారం నుంచి కెమెరా గొట్టం పంపి పేగును చూసే పరీక్ష) చేసి పుళ్లు మానాయా అని చూస్తారు. మానకపోతే క్రోన్స్ వైపు ఆలోచిస్తారు. ఆ రెండో పరీక్షకు వెళ్లకుండా ఉండిపోవద్దు. క్రోన్స్ ఉన్నవాళ్లు టీబీ మందులతోనే నెలలు గడిపితే ఈలోగా పేగు ఇరుకైపోతుంది.

కొలనోస్కోపీలో మంచి పెద్దపేగు లేత గులాబీ రంగులో తడిగా మెరుస్తుంటుంది, సన్నని రక్తనాళాల అల్లిక స్పష్టంగా కనిపిస్తుంది. కొలైటిస్ ఉంటే ఆ అల్లిక ముందుగా మాయమవుతుంది. పొర ఎర్రగా, గరుకుగా ఉబ్బి, గొట్టం తగిలితేనే రక్తం చిమ్ముతుంది. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు రక్తం ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. పిల్లాడు క్రికెట్‌కు వెళ్తాడు. అయితే అదే రోజు లోపల చూస్తే పొర ఇంకా ఎర్రగానే ఉండవచ్చు.

ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బాధ తగ్గడం వేరు, పుండు మానడం వేరు. నివురుగప్పిన నిప్పులా వాపు లోపల మిగిలి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ప్రతిసారీ కొలనోస్కోపీ అక్కర్లేదు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష ఉంది. వాపు ఉన్న పేగులోకి వచ్చి చేరే తెల్లకణాల నుంచి ఇది వస్తుంది కాబట్టి లోపలి సంగతి చెబుతుంది. చిన్న డబ్బాలో శాంపిల్ ఇవ్వాలి. పిల్లలు దీనికి ఎంత సిగ్గుపడతారో తెలిసిందే. డబ్బాను నల్ల కవర్‌లో చుట్టి, ఏమీ అనకుండా, ముక్కు మూసుకోకుండా తీసుకెళ్లే అన్నో నాన్నో ఉంటే సగం సిగ్గు పోతుంది.

మందులు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. "బాగానే ఉన్నా కదా" అని పిల్లాడు మానేస్తాడు. "ఎన్నాళ్లు మింగుతాడు, వేడి చేస్తుంది" అని నాయనమ్మ మానిపిస్తుంది. మెసలమిన్ లాంటి మందు వాడేది పుండు మాన్పడానికే కాదు, మళ్లీ రాకుండా కాపాడటానికి కూడా. స్టెరాయిడ్ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. జబ్బు ఎగసినప్పుడు త్వరగా అణచడానికి అవి పనికొస్తాయి గానీ ఏళ్ల తరబడి వాడేవి కావు. ముఖం ఉబ్బుతుంది, ఎముకలు బలహీనమవుతాయి, పిల్లల ఎదుగుదల ఆగుతుంది. వారాల పాటు వాడాక ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి. రోగనిరోధక కణాల దూకుడు తగ్గించే అజాథయోప్రిన్ వాడుతుంటే రక్తపరీక్షలు తప్పించుకోకూడదు. ఆసియా వాసుల్లో కొందరికి ఎన్‌యూడీటీ15 అనే జన్యువులోని తేడా వల్ల ఈ మందుతో తెల్లకణాలు వేగంగా పడిపోతాయి. జుట్టు ఒక్కసారిగా ఊడటం అలాంటి వాళ్లలో ముందు కనిపించే హెచ్చరిక. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి బయలాజిక్ సూదులకు (వాపును రేపే ప్రోటీన్‌ను అడ్డుకునేవి) ముందు టీబీ, హెపటైటిస్-బి పరీక్షలు తప్పనిసరి. ఖరీదు భారమే. మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లు, అంటే అదే మందుకు సాటిగా చేసిన సూదులు, వచ్చాక కొంత దిగింది. డబ్బు కుదరకపోతే డోసులు చెప్పకుండా మానేయకండి, డాక్టర్‌తోనే ఆ మాట అనండి. సల్ఫసలజైన్ లాంటి పాత, చౌక మందులు ఇంకా ఉన్నాయి. నిమ్స్, ఉస్మానియా లాంటి పెద్దాస్పత్రుల్లో గ్యాస్ట్రో విభాగాలున్నాయి. ఆరోగ్యశ్రీ కింద ఏది వర్తిస్తుందో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగవచ్చు.

తిండి దగ్గర ఇళ్లలో ప్రేమే శిక్షగా మారుతుంది. పథ్యం పేరుతో తెల్లన్నం, చారు తప్ప ఏమీ పెట్టరు. అసలే రక్తం పోయి చిక్కిన పిల్లకు గుడ్డు, పప్పు, పెరుగు ఆపేస్తే కోలుకునేది ఎట్లా? కారం వల్ల ఈ జబ్బు రాదు. జబ్బు ఎగసిన రోజుల్లో మాత్రం కారం, పచ్చి కూరగాయలు, జొన్నరొట్టె ఇబ్బంది పెట్టవచ్చు కాబట్టి మెత్తగా ఉడికించినవి పెట్టాలి. సద్దుమణిగాక జొన్నరొట్టె, పాలకూర పప్పు మళ్లీ కంచంలోకి రావాలి. పేగు ఇరుకైనవాళ్లకు మాత్రం పీచు సంగతి డాక్టరే చెప్పాలి. పాలు పడనివాళ్లే పాలు మానాలి. క్రోన్స్ ఉన్న పిల్లలకు 6 నుంచి 8 వారాలు మామూలు తిండి ఆపి, పోషకాలన్నీ ఉన్న ద్రవాహారమే ఇచ్చే వైద్యం ఒకటుంది. స్టెరాయిడ్లకు దీటుగా పనిచేస్తుంది, ఎదుగుదలను దెబ్బతీయదు. డైటీషియన్ పర్యవేక్షణలోనే చేయాలి. ఇంట్లో అందరూ ఘుమఘుమలాడే కూరతో తింటుంటే ఒక్క పిల్లాడు గ్లాసు పట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ వారాల్లో ఇంట్లో వంట కాస్త సాదాగా ఉంటే వాడికి ఊరట.

బయటికి వెళ్లడం ఇంకో యుద్ధం. నల్లగొండ నుంచి గానీ మహబూబ్‌నగర్ నుంచి గానీ హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. బస్సులో బాత్రూమ్ ఉండదు. అందుకే చాలామంది పిల్లలు ప్రయాణానికి ముందురోజు రాత్రి నుంచే తినడం మానేస్తారు. డ్రైవర్, కండక్టర్లకు ఎక్కేటప్పుడే ఒక మాట చెప్పి ముందు సీట్లో కూర్చోబెట్టడం, బ్యాగులో ఒక జత బట్టలు, తడి తుండు పెట్టడం చిన్న పనులే గానీ టెన్షన్ సగం తగ్గిస్తాయి. గురుకులాల్లో, హాస్టళ్లలో పొద్దున బాత్రూమ్ దగ్గర క్యూ కడతారు. ఈ పిల్లలకు ఆ క్యూ కుదరదు. క్లాసులో చేయెత్తి పర్మిషన్ అడిగే పద్ధతీ కుదరదు. డాక్టర్ దగ్గర ఒక లెటర్ రాయించుకుని ప్రిన్సిపాల్‌కు, వార్డెన్‌కు ఇచ్చి, అడగకుండా వెళ్లే వెసులుబాటు ఇప్పించాలి. పరీక్ష హాల్లో తలుపు దగ్గరి బల్ల అడగాలి.

పాలమూరులో అమ్మానాన్నలు ముంబయి, పుణె పనులకు వెళ్లి, పిల్లలు అవ్వ దగ్గర పెరిగే ఇళ్లున్నాయి. అక్కడ అవ్వకు నేర్పాల్సినవి రెండు. మందు అయిపోకముందే ఫోన్ చేయడం మొదటిది. ఎప్పుడు ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలో తెలియడం రెండోది. ఆక్స్‌ఫర్డ్ వైద్యులు ట్రూలవ్, విట్స్ 1955లో చెప్పిన కొలత కొలైటిస్‌కు ఇప్పటికీ వాడుతున్నారు. రోజుకు 6 లేదా అంతకు మించి రక్తంతో మోషన్లు, దానికి తోడు జ్వరం గానీ, నాడి నిమిషానికి 90 దాటడం గానీ ఉంటే ఆస్పత్రిలో చేర్చాల్సిందే. అలాంటప్పుడు మోషన్లు ఆగే బిళ్ల వేయకూడదు. పేగు ఉబ్బిపోయి ప్రమాదం కావచ్చు.

వయసు పెరిగేకొద్దీ జబ్బు పగ్గాలు పిల్లల చేతికే రావాలి. 13, 14 ఏళ్లకు తన మందుల పేర్లు తను చెప్పగలగాలి. 16 దాటాక డాక్టర్‌తో కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వాలి. సిగరెట్ గురించి నాన్న ముందు ఎవరూ నిజం చెప్పరు, క్రోన్స్‌ను అది ముదరబెడుతుంది మరి. దిగులుగా ఉందని, బతకాలనిపించట్లేదని అమ్మ ముందు అనరు. ఈ జబ్బున్న యువతలో ఆందోళన, డిప్రెషన్ మామూలు కన్నా ఎక్కువని తెలిసిందే. పేగు డాక్టర్‌తో పాటు మానసిక వైద్యుడూ అవసరం పడవచ్చు.

ఆడపిల్లకు పెళ్లి కాదని జబ్బు దాచేస్తుంటారు. దాచి చేసిన పెళ్లిలో మందులు కూడా దాచుకుని మింగాల్సి వస్తుంది, కొన్నాళ్లకు ఆగిపోతాయి. జబ్బు అదుపులో ఉన్నప్పుడు గర్భం దాల్చినవాళ్లలో చాలామందికి కాన్పు మామూలుగానే జరుగుతుంది. ఈ జబ్బుకు కొందరికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రం పిండానికి హాని చేస్తుంది, గర్భం అనుకోవడానికి నెలల ముందే డాక్టర్ సలహాతో ఆపాలి. మెసలమిన్, అజాథయోప్రిన్ లాంటివి చాలావరకు కొనసాగిస్తారు. మగపిల్లల్లో సల్ఫసలజైన్ వీర్యకణాలను తగ్గిస్తుంది, మందు మార్చాక కొన్ని నెలల్లో మళ్లీ మామూలవుతుంది. సంబంధం మాట్లాడేటప్పుడే అవతలివాళ్లను ఒకసారి డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లి, వాళ్ల అనుమానాలు వాళ్లనే అడగనివ్వవచ్చు.